తలకిందులైన ఫారం

మార్చి 9, ఆదివారం
పొద్దున పది గంటలు

పరదేశంలో దొరికిన నా తోబుట్టువుకి, పండితురాలికి,

మొండిఘటం నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, మీ ఆయనా, నీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను. మర్యాదలు ఇంతటితో సరి. ఇక విను.

రాస్తున్నది మా కోడలు, చెబుతున్నది నేను. నాకు అక్షరం రాదన్న సంగతి నీకు యాభై రెండేళ్లుగా తెలుసు. ఇప్పుడు లోకమంతటికీ తెలిసేలా అచ్చే వేయిస్తున్నావు కాబట్టి దాచుకోవడానికేమీ మిగల్లేదు. చెప్పింది చెప్పినట్టు రాయవే అన్నాను. తిట్లు కూడానా అత్తయ్యా అంది. ముందు అవే రాయమన్నాను.

నువ్వు పంపిన జ్ఞాపకాల పుస్తకం ప్రూఫులు మొన్న అందాయి. ఓడ దిగిన రోజు నీకు బూటు తెగిపోవడం, మన గదిలో రెండు మంచాల మధ్య ఒకే కిటికీ, నాలుగు దేశాల పిల్లలం పదకొండు మందిమి ఒకరి మాట ఒకరికి తెలియకుండానే పది నెలలు ఒకే షెడ్డులో పుస్తకాలు కట్టే పని నేర్చుకోవడం, అన్నీ బాగా రాశావు. కోడలు చదువుతుంటే రెండుసార్లు ముక్కు చీదాను. ఆ పదకొండు మందిలో పొడుగుపిల్ల గురించి రాసినదీ నిజమే. ఆవిడ ఇప్పటికీ ఏడాదికోసారి ఫోన్ చేస్తుంది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకి రాదు. సూది, దారం, కత్తెర, జిగురు అని అప్పట్లో నేర్చుకున్న పది మాటలే పది నిమిషాలు చెప్పుకుని నవ్వుకుంటాం.

తర్వాత ముప్ఫయ్యో పేజీ వచ్చింది.

ఆరో నెలలో పెట్టిన ప్రదర్శనలో ఆ ఊరి పెద్దాయన మనం కట్టిన పుస్తకం తెరిస్తే ఏడో ఫారం తలకిందులుగా ఉందనీ, కుట్టిన నేస్తానికి పాపం చదువు రాదనీ, హాలంతా నవ్వుల్లో మునిగిందనీ రాశావు. పాపమా? ఎవరే పాపం? నా చేత పని చేయించుకున్న ఏ మేస్త్రీ నన్ను పాపం అనలేదు. రాక్షసి అన్నారు, ఒప్పుకున్నాను.

నా వాదన చెబుతాను, చెవులు రిక్కించుకుని విను. షెడ్డులో కుట్టుబల్లకి అటు నువ్వు, ఇటు నేను కూర్చునేవాళ్లం. నీకు చదువొచ్చని ఫారాలు, పదహారేసి పేజీలుగా మడిచిన ఆ కాగితాలు, వరసలో అందించే పని నీకిచ్చారు. పెట్టినదాన్ని కుట్టే పని నాది. నువ్వేం చేసేదానివి? ఆ దేశపు అక్షరాలు కొత్తగా కూడబలుక్కుంటూ, ఫారం నీ వైపు తిప్పుకుని చదివేదానివి. చదివి, మళ్లీ నా వైపు తిప్పకుండా అలాగే పెట్టేసేదానివి. అది చదువొచ్చినవాళ్లు మాత్రమే చేయగల తప్పు! చదువు రానిదాన్ని నేనేం చూసేదాన్ని? మడత వెన్ను మీద అచ్చేసిన నల్ల గీతలు. ఫారం ఫారానికీ ఒక గీత, మెట్లు దిగినట్టు దిగాలి. తలకిందులైతే మెట్టు తప్పుతుంది. వేలితో తడిమి, కళ్లతో చూసి, నువ్వు తప్పు పెట్టినవి మూడుసార్లు నేనే తిప్పాను. గుర్తు లేదూ? పెద్ద మేస్త్రి చూడకముందే తిప్పాను.

అయినా హాల్లో నవ్వు లేవగానే అందరి కళ్లూ నా మీదే పడ్డాయి. పెద్ద మేస్త్రి నన్ను సూది దగ్గర్నించి లేపి, మిగిలిన నాలుగు నెలలూ జిగురు బాల్చీ దగ్గర నిలబెట్టాడు. కర్రతో కలిపి కలిపి అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కనే ఉండి నువ్వొక్క మాటైనా అన్నావా? లేదు. నేను అడిగానా? లేదు. మా ఆయన పోయినప్పుడు రెండు బస్సులు మారి వచ్చావు. ఓదార్పు మాటలు చెప్పకుండా ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమిపెట్టావు. మీ అమ్మాయి కాన్పుకి నేను నెల రోజులున్నాను. ఇంత జరిగాక పాత సంగతి ఎందుకులే అనుకున్నాను. తవ్వింది నువ్వు.

నోటి మాటైతే గాలికి పోయేది. అచ్చు పోదు. నలభై ఏళ్లు సూది పట్టి బతికినదాన్ని, చచ్చాక కూడా తలకిందులుగా కుట్టినదానిగా మిగలమంటావా?

గురువారం పుస్తకం ప్రెస్సుకి పోతుందన్నావు. ఆలోగా ఆ ముక్క తీసెయ్. తీయకపోతే వచ్చే నెల నీ పుస్తకం విడుదల సభకి నేను రాను. పొడుగుపిల్ల అంత దూరం నుంచి విమానమెక్కి వచ్చినా సరే, రాను. ఆ తర్వాత నీ గుమ్మం నేను తొక్కను, నా గుమ్మం నువ్వు తొక్కకు.

ఇట్లు,
కోపంగా, అయినా నీదాన్నే,
మొండిఘటం
(కోడలి సంతకం కాదు, నా వేలిముద్ర)

తా.క.

కోడలు రాసినదంతా మొదటి నుంచి చదివి వినిపించింది. మధ్యలో ఆగి, ఒక్క మాట అడగనా అత్తయ్యా అంది. మూడుసార్లు పట్టుకున్నారు కదా, నాలుగోసారి ఎలా తప్పిపోయింది అని అడిగింది. నోరు మూసుకుని కవరు అంటించమన్నాను. అంటించలేదు. కలం పట్టుకుని అలాగే కూర్చుంది.

తప్పిపోలేదు. చూశాను.

ఆ పుస్తకం కుట్టిన రోజు పొద్దున మా అమ్మ ఎవరి చేతో రాయించిన ఉత్తరం వచ్చింది. ఎప్పుడూ గదిలో తలుపేసి నా ఒక్కదానికే చదివేదానివి. ఆ రోజు భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ, మా అమ్మ గొంతు పెట్టి చదివావు. నీకు ఉరుములంటే భయం కదా బిడ్డా, ఎవరి పక్కనైనా పడుకో అన్న మాటకి చేతులు కూడా తిప్పావు. మన భాష రానివాళ్లు సైతం నవ్వారు. నేనూ నవ్వాను. గంట తర్వాత నువ్వు పెట్టిన ఏడో ఫారం మీద మెట్టు తప్పింది. ఒక్కసారి నిన్ను చూసి పదిమందీ నవ్వాలి అనుకుని సూది దించాను.

వాళ్లు నన్ను చూసి నవ్వారు. అక్షరం రానిదాన్ని వేలెత్తి చూపడం సులువు కదా. అందుకే జిగురు కలిపినన్నాళ్లూ నోరెత్తలేదు. ఆ తర్వాత చెప్పడానికి సందు దొరకలేదని అనను. ధైర్యం దొరకలేదు.

ఆ ముక్క తీయొద్దు. పాపం అన్న ఒక్క మాట కొట్టెయ్. ఒకరు చూసుకోకుండా పెట్టారు, ఒకరు చూసి కుట్టారు అని రాయి. ఎవరు ఏది చేశారో కూడా రాయి.

ఇది వేరే కాగితం మీద రాస్తాను, మనసు మారితే పంపకుండా ఆపొచ్చు అంటోంది కోడలు. దీని మీదే రాయమన్నాను.

సభకి రానన్నాను. నువ్వు రమ్మంటే వస్తాను. రావద్దనుకుంటే ఆ మాట నువ్వే రాయి, మీ అమ్మాయి చేత ఫోన్ చేయించకు.