చెరువు కట్ట మీద వేసిన ముడి

అక్కా,

నీకూ బావకూ దణ్ణాలు. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? పిల్లలు బడికి పోతున్నారా? నేను ఇబ్రహీంపట్నంలో బాగానే ఉన్నాను, దిగులు పడకు. ఈ సంగతి ఫోన్లో చెబితే అమ్మ స్పీకరు పెట్టమంటుందని కాగితం పట్టాను. ఒంటరిగా ఉన్నప్పుడు చదువు.

ఇక్కడి ఎండకు చెమట పట్టేలోపే ఆరిపోతుంది. జొన్నరొట్టె అలవాటైంది. చెరువు చేప దొరుకుతుంది గానీ నోటికి సప్పగా ఉంటుంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు మెత్తళ్ళు పంపు. మా మెకానిక్ షెడ్డు యజమాని జహంగీర్ అన్నకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, నన్ను వదిలి అన్నం తినడు. నిజంగా బాగానే ఉన్నాను.

పోయిన వారం యాచారం రైతు యాదయ్య పాత కారు తెచ్చాడు. పరుగులో బాగానే ఉంది, నిలబెట్టి ఇంజన్ ఆడనిస్తే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. స్లో పట్టడం లేదంటాం మేము. ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ కడిగాను. తగ్గలేదు. నాన్న పడవ ఇంజన్‌కు చేసినట్టే స్క్రూడ్రైవర్ ఆనించి, పిడికి చెవి పెట్టాను. వెనకాల ఎక్కడో గాలి పీలుస్తున్న చప్పుడు, మనిషి ఊపిరి తీస్తున్నట్టే ఉంది. తడిమితే చీలిన రబ్బరు పైపు దొరికింది. ఎవరో దాని మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి వల దారంతో కట్టారు. చీలిక ఆ కట్టు దాటి పెరిగింది, అదే జబ్బు.

ఆ ముడి అచ్చం నాన్న వేసేదే అక్కా. ఎడమచేతి వాటం చుట్టు. కొస బీడీతో కాల్చి, బొటనవేలితో నొక్కిన గుర్తు. సముద్రంలోకి నాన్న వేసుకెళ్ళిన పడవ ఖాళీగా ఒడ్డుకొస్తే, శవం లేకుండానే కర్మ చేశాం కదా. అమ్మ బొట్టు తీసింది ఆ ఖాళీ పడవను చూసే.

యాదయ్యను అడిగాను. కిందటి నెల ఒక పొద్దున చెరువు కట్ట మీద బండి ఆగిపోయిందట. నీళ్ళవైపు నుంచి ఒక పెద్దమనిషి ఎక్కి వచ్చి, అడగకుండానే బానెట్ ఎత్తాడట.

"బట్టలన్ని తడిసి ఉండె. వాన లేకుండె. మాట నీ లెక్కనే, ఆంధ్ర మాట. ఏ ఊరని అడిగిన. స్లో కుదిరింది వెళ్ళు అన్నడు. జర ముందుకు పోయి అద్దంల జూస్తే కట్ట మీద ఎవ్వరు లేరు."

చేపలు పట్టేటోడు ఎవడో అయి ఉంటడు, ఫికర్ చెయ్యకని జహంగీర్ అన్న కసిరాడు. సాయంత్రం తనే బండి మీద నన్ను కట్టకు తీసుకెళ్ళి, వలలు వేసేవాళ్ళందరినీ అడిగాడు. అలాంటి మనిషిని ఎవరూ ఎరగరు. నాకు భయమేసింది, ఆశ కూడా పుట్టింది.

కొత్త పైపు వేస్తే బండి కుదిరింది. పాతదాని ముడి నా చేతికి విడిపోలేదు. నీదీ ఎడమచేతి వాటమని నాన్న ఆ ముడి నీకొక్కదానికే నేర్పాడు. పైపు ముక్కతో సహా కోసి ఇందులో పెడుతున్నాను. నీ చేతికి విడిపోతే, వచ్చే నెల తద్దినం ఎలాగైనా ఆపించు. బతికున్న మనిషికి పిండం పెట్టొద్దు. విడిపోకపోతే పొయ్యిలో వేసెయ్, అమ్మకు చెప్పకు.

బాబాయికి, పిన్నికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నీ దీవెన నా మీద ఉండాలి.

నీ తమ్ముడు
శ్రీను

మరిచాను. కాగితం మీద మరక నూనె కాదు. ఎంత ఎండబెట్టినా ఆ దారం తడి ఆరడం లేదు. నాలుకకు తాకించి చూశాను, ఉప్పగా ఉంది.