నీ పంపు ఎందుకు లాగడం లేదంటే

మిల్వాకీ, గురువారం

ప్రియమైన ఎల్డన్,

బీరు కాచే పెద్ద కెటిల్‌లోని వేడి మాల్టు రసాన్ని తోడే పంపు కోసం నేను రెండేళ్లుగా పదకొండు రకాలను పట్టిక వేసి పోలుస్తున్నాను, ఇంకా కొనలేదు. నీవు ఒక్క పూటలో కొన్నావు. మొన్న విందులో నీ బీరు తాగి నా భార్య లొరైన్, "బీరంటే ఇదీ! మా ఆయన కాచేవి పట్టికలే" అన్నది. అందరితోపాటు నేనూ నవ్వాను.

నిన్న పంపును గోడ మీది అరలో బిగించి, "ఇది లాగట్లేదేంట్రా?" అని నీవడిగితే తెలియదన్నాను. తెలుసు. ఆ రకం పంపు పైకి పీల్చుకోలేదు. కెటిల్ కంటే కిందికి దించి, రసంతో నిండాకే మీట నొక్కు. ఖాళీగా తిప్పితే వచ్చే నెల బీరు పోటీకి ముందే పాడవుతుంది.

గెలిస్తే లొరైన్‌కు ఒక సీసా ఇచ్చిపో, నేను ఇంట్లో లేని సమయం చూసి.

నీ పొరుగువాడు