బాపు చెప్పబోయిన మాట

కోరుట్ల, మంగళవారం

ఈరోజూ తెలంగాణ బంద్. హైదరాబాద్ బస్సు లేక ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మా ఆఫీసులో మెసేజ్‌లు పంపడానికి రాసిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఎందుకు క్రాష్ అవుతోందో సాయంత్రానికి దొరికింది. ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల్లో ఒక థ్రెడ్ ఇంకా మెసేజ్ పంపుతుండగానే మరో థ్రెడ్ కనెక్షన్ మూసేస్తోంది. ఇంత చిన్న తప్పుకా ఇన్నాళ్లు తల పట్టుకున్నాను? పంపడం పూర్తయ్యాకే మూసేలా మార్చాను. మళ్లీ క్రాష్ కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున దుబాయి నుంచి బాపు ఫోన్ చేశాడు. "బయటికి పోకు బిడ్డా, లొల్లి అయితున్నదట. ఇంకోటి చెప్పాలె నీకు..." అంటున్నాడు. నా కళ్లు స్క్రీన్ మీదే ఉన్నాయి. "సరే బాపూ" అని పెట్టేశాను.

ఇప్పుడు చేస్తే స్విచ్ఛాఫ్. ఏం చెప్పబోయాడో అమ్మనడిగాను.

"నాకేం చెప్పలే. బిడ్డకే చెప్త అన్నడు."