రెండు వందల పదమూడో చీటీ

తేది: పధ్నాలుగు, శుక్రవారం.
ఉతికినవి తొమ్మిది. ఇస్త్రీ నాలుగు. తుడిచిన గదులు రెండు. ఇంట్లో విన్న మాటలు: సున్న.

మోటారు పందాల విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పందెంలో టైరు పగిలిన కేసులో తప్పు పంచునపుడు నా వాటా కూడా నమోదు చేయుట గురించి.

పై వరుస రోజూ రాసే అలవాటు కొద్దీ పడింది. మన్నించగలరు.

1. గత నెల పందెంలో మూడో మలుపు దగ్గర టైరు పగిలి డ్రైవరు కాలు విరిగిన సంగతి తమకు తెలిసినదే. గాలి తక్కువైందని టైర్ల కంపెనీ వారు, మేస్త్రీ తనంతట తానే తగ్గించాడని జట్టు యాజమాన్యం వారు సెలవిచ్చారు. ఆ మేస్త్రీ నా భర్త. తమరు రెండుసార్లు పిలిచినా రాలేదు. పిలుపు అందింది, ఆయన దగ్గర మాటే లేదు. పందెం రోజు నుంచి గోడకేసి తిరిగి పడుకుంటున్నారు. పెడితే తింటారు. "ఉప్పు సరిపోయిందా?" అంటే తల ఊపుతారు. సరిపోయిందో లేదో ఆ ఊపులో తెలియదు.

2. ఆయనకొక అలవాటు. టైర్లలో గాలి ఎంత నింపిందీ, ఎవరు ఎంతకు దించమన్నదీ చీటీ మీద రాసి చొక్కా జేబులో వేసుకుంటారు. బట్టలు నానబెట్టే ముందు జేబులు తడిమి, ఆ చీటీలు తేదీల వారీగా బిస్కెట్ డబ్బాలో పెట్టడం నా అలవాటు. మొత్తం రెండు వందల పన్నెండు. అందులో నూట నలభై చీటీల్లో ఒకటే రాత: "ఇరవై మూడు నింపాను. ఇంజనీరు గారు ఇరవైకి దించమన్నారు. వద్దన్నాను. దించాను." గాలి తగ్గితే టైరు నేలను గట్టిగా పట్టి బండి వేగంగా పోతుందట. మరీ తగ్గితే పగులుతుందట. నాకే అర్థమైన సంగతి జట్టు ఇంజనీరు గారికి తెలియదనుకోను.

"దించాను" అన్న మాట కూడా కలిపే రాశాను. దాచితే అది లెక్క కాదు.

3. పందెం నాటి చీటీ లేదు. ఆ సాయంత్రం ఆయన చొక్కా విప్పి ఇచ్చేసరికి టీవీలో ఆ టైరే మళ్లీ మళ్లీ పగులుతోంది. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి జేబు తడమకుండా బకెట్లో ముంచాను. తీసేసరికి చీటీ ముద్దయిపోయింది. ఆయన చూశారు. తిట్టినా బాగుండేది.

4. కాబట్టి దించమన్నవారికి, దించినవారికి, గాలి దించుతున్నారని తెలిసీ ఊరుకున్న టైర్ల కంపెనీకి, సాక్ష్యం ఉతికేసిన నాకు, ఎవరి వాటా వారికి వేయవలసిందిగా ప్రార్థన. అంతా ఒక్కరి నెత్తిన వేయకండి. ఆ ఒక్కరితో ఒకే ఇంట్లో ఉండేది నేను.

డబ్బా జతపరిచాను. చిత్తగించి, చూశాక తిరిగి ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
టైర్ల మేస్త్రీ భార్య

తా.క.: కవరు అంటించబోతుంటే ఆయన లేచి వచ్చారు. కాగితమంతా నిలబడే చదివారు. డబ్బా మూత తీశారు.

"ఇవన్నీ దాచావా?"

"మీరు పారేయమనలేదుగా."

"పిచ్చిదానా! ఆఖరిది పోతే పోయింది. అందులో ఏం రాశానో నాకు గుర్తులేదనుకున్నావా?" మూత బిగించారు. "సోమవారం నేనే వస్తానని రాయి. డబ్బా నేను పట్టుకెళ్తా."

అందుచేత డబ్బా జతపరచలేదు.

ఈ ఇంట్లో నాకు రావలసిన మాటలు, నలభై రోజుల బాకీ: నేటితో చెల్లు.