రెండో జత కళ్ళు

సెప్టెంబర్ 30, సోమవారం

నేను చూడని నలభై ఒక్క వాల్వుల పక్కన ఎవరో నా పొడి అక్షరాలు వేశారు.

కాగితం మీద తారీకు సెప్టెంబర్ 24. ఆ రోజు నేను ప్లాంట్‌లోనే లేను. పక్క ఊరు ఒడెస్సాలో పరీక్ష హాల్లో కూర్చుని భిన్నాలతో కుస్తీ పడుతున్నాను. హైస్కూల్ మధ్యలో వదిలేసిన నాలాంటి వాళ్ళకు పెట్టే పరీక్ష అది. సెలవు కాగితం మీద సంతకం పెట్టింది షిఫ్ట్ మేనేజర్ ప్రూయిట్. నేను లేనని ఆయనకు తెలుసు.

రికార్డులు ఫైళ్ళలో సర్దుతుంటే కనపడింది. డి.యు. అంటే డెల్ఫీనా ఊరియోస్టే. నేను డి రాస్తే పొట్ట ముందుకు వస్తుంది. ఇది సన్నగా, నిటారుగా ఉంది.

యురేనియం శుద్ధి చేసే చోట డి.యు. అంటే సారం పిండేసిన యురేనియం. అందుకే చేరిన మొదటి వారమే నాకు పిప్పి అని పేరు పెట్టారు. ఏం పిప్పీ, తిన్నావా? పిప్పీ, ఆ నిచ్చెన ఇటు తే. పిప్పి అంటే పడతాను. నా పేరుతో అబద్ధం చెబితే పడను.

ప్లాంట్‌కు లైసెన్స్ వచ్చి మూడేళ్ళయింది. కానీ ప్రభుత్వ అణు కమిషన్ ఇన్‌స్పెక్టర్లు వచ్చి, అన్నీ చూసి, సరే అనే దాకా యురేనియం గ్యాస్ లోపలికి రాకూడదు. వచ్చే సోమవారం వాళ్ళు వస్తున్నారు. వాళ్ళ ముందు పెట్టే కాగితాల్లో ఇదొకటి. ఒక్కో వాల్వును ఇద్దరు చూడాలి. కలిసి వెళ్ళకూడదు. ఒకరు చూసి వచ్చాక రెండో మనిషి విడిగా వెళ్ళాలి. మొదటి గడిలో ఆర్.టి., అంటే రాయిస్ టిడ్వెల్. అవి ఆయనవే, నాకు తెలుసు. రెండో గడి నాది. ఆఫీసులో ఎవడో కూర్చుని ఖాళీ గళ్ళు నింపేశాడు. వాడి చేతులు విరగ.

అక్టోబర్ 1

ప్రూయిట్ గదికి వెళ్ళాను. కాగితం బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చూడమ్మాయ్, వాల్వులు మూసే ఉన్నాయి కదా, ఎక్కడికీ పారిపోలేదు కదా అన్నాడు. ఇది ప్రభుత్వం ప్లాంట్ కాదు, పెట్టుబడి పెట్టిన వాళ్ళు రోజూ ఫోన్ చేసి గ్యాస్ ఎప్పుడు అని అడుగుతున్నారు అన్నాడు. ఊరంతా ఎదురుచూస్తుంటే నువ్వు రెండు అక్షరాలు పట్టుకుని వచ్చావా అన్నాడు.

నావి ఉన్నవే రెండు అక్షరాలు సార్ అన్నాను.

చూస్తాను, వెళ్ళు అన్నాడు. చూడడు.

అక్టోబర్ 2

మధ్యాహ్నం తిండి దగ్గర రాయిస్‌తో చెప్పాను. ఆయనకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను?

రెండేళ్ళ కిందట నేను చికెన్ దుకాణంలో నూనె మరకలతో ఉండేదాన్ని. ఇక్కడ నాకు పని నేర్పింది ఈయనే. చమురు బావుల మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. మూసి ఉందని రాసిన వాల్వును తెరిచి చూడకూడదు పిల్లా, మూసే వైపే తిప్పి చూడాలి, కదలకపోతే మూసినట్టు అని చెప్పింది ఆయనే. నేను చూస్తున్నప్పుడు ఆయన వీపు తిప్పుకుని నిలబడేవాడు. ఇటు చూడరేం మిస్టర్ రాయిస్ అంటే, నేను చూస్తే నువ్వు నా ముఖం చూసి చెబుతావు, వాల్వు చూసి చెప్పవు అనేవాడు. నాకు స్కూల్లో ఎవరూ అలా వీపు తిప్పలేదు. అందరూ నెత్తిమీద నిలబడి నా తప్పు కోసమే చూశారు. ఈ మనిషి గురించి నేను ఎంత చెప్పినా తక్కువే.

ఈ రోజు మాత్రం ఆయన సగం తిన్న సాండ్‌విచ్ మళ్ళీ కాగితంలో చుట్టేశాడు. ఎవడో వెధవ అని నేను తిడుతూనే ఉన్నాను. ఆయన విన్నాడు. చివరికి, గోడ మీద కమిషన్ ఫోన్ నంబరు ఎందుకు పెట్టారనుకున్నావు, చెయ్యి అన్నాడు.

అక్టోబర్ 3

చేశాను.

అటువైపు ఒక ఆడమనిషి. మిసెస్ ఆడ్లీ. నీ పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు అంది. పేరు గురించే కదా గొడవ, చెబుతాను అన్నాను. నవ్వింది. తర్వాత ఒక్కొక్క ప్రశ్న నెమ్మదిగా అడిగింది. నువ్వు ఎంత చదివావని అడగలేదు. అన్నీ అయ్యాక, చెప్పినందుకు థాంక్స్ అంది. నాకు! ఫోన్ పెట్టేశాక చాలాసేపు ట్రక్కులోనే కూర్చున్నాను.

అక్టోబర్ 7, సోమవారం

వచ్చారు. నలుగురు. మిసెస్ ఆడ్లీ పొట్టిగా ఉంది, నా అంతే. బూట్లు అరిగి ఉన్నాయి.

కాన్ఫరెన్స్ గదిలో కేకులు, పళ్ళు పెట్టారు. ఒక్కరూ ముట్టలేదు. ముట్టకూడదట. తెచ్చుకున్న నీళ్ళే తాగారు. ప్రూయిట్ ముఖం చూడాలి.

అక్టోబర్ 8, మధ్యాహ్నం

నలభై ఒక్క వాల్వులూ మళ్ళీ చూడమంది మిసెస్ ఆడ్లీ. మొదట ఇంకో షిఫ్టు మనిషి. తర్వాత నేను. ఆవిడ వెనక నిలబడింది.

ఇరవై ఏడోది కదిలింది.

మూసే వైపు తిప్పితే పావు చుట్టు తిరిగింది. మూసి ఉందని పక్కనే రెండు జతల అక్షరాలు. ఆర్.టి. డి.యు.

ముందు చూసిన మనిషి కూడా అదే రాసి, వాల్వును ఉన్నచోటికే తిప్పి వదిలాడని తర్వాత తెలిసింది. ఇరవై ఏడు, పావు చుట్టు.

ఆ పైపు శాంపిల్ తీసే గదిలోకి వెళ్తుంది. గ్యాస్ వచ్చాక ఆ గదిలోకి కొంచెం జారినా చాలు, గాలిలో తేమ తగలగానే తెల్లటి పొగ అవుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులను కాల్చే ఆసిడ్. మొదటి రోజు ఆ గదిలో నిలబడే ముగ్గురి జాబితా గోడ మీద ఉంది. రెండో పేరు నాది.

ఈ రోజు పైపులో ఉన్నది ఒట్టి నైట్రోజన్. దేవుడికి, కమిషన్‌కు, అరిగిన బూట్లకు, అందరికీ దండం.

అదే రోజు, సాయంత్రం ఆరు

రాయిస్ పార్కింగ్‌లో నా ట్రక్కుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ తొక్కలు కప్పులో ఉమ్ముతున్నాడు.

ఆ అక్షరాలు నావే పిల్లా అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. ఆ రోజు సాయంత్రం అయిదింటికి ప్రూయిట్ వచ్చి, ఈ కాగితం ఆరింటికల్లా నా బల్ల మీద ఉండాలి అన్నాడట. రెండో మనిషి లేదు సార్ అంటే, అది నువ్వు చూసుకో అన్నాడట. రాయిస్ పొద్దున ఒకసారి చూశాడు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాడు. ఈసారి నాలాగా. నేను చివరి నుంచి మొదలుపెడతాను కదా, అలాగే చివరి నుంచి. ఊరికే గీకలేదు పిల్లా, ఒక్కొక్కటీ పట్టుకునే చూశాను, నువ్వు పరీక్ష రాసుకుంటున్నావు, ఫోన్ చేసి పిలిస్తే సగంలో వచ్చేస్తావు, అది నాకిష్టం లేదు అన్నాడు.

అయితే ఇరవై ఏడు ఎలా తప్పింది అని అరిచాను. అవును, అరిచాను.

కుడిచెయ్యి చాపాడు. బావి మీద గొలుసు నలిపేసిన రెండు వేళ్ళు. అందరం చూసినవే. వాటిలో స్పర్శ లేదని ఎవరికీ చెప్పలేదట. గట్టిగా ఉందో, గట్టిగా అనిపించిందో నాకు తెలియదు, అందుకే రెండో మనిషి అన్నాడు. ఎన్నిసార్లు వెళ్ళినా తీసుకెళ్ళింది ఇదే చెయ్యి కదా అన్నాడు.

మరి నన్నెందుకు ఫోన్ చెయ్యమన్నారు అని అడిగాను.

అక్షరాలు నావని చెప్పే ధైర్యం నాకు లేదు, నీకుంది, అరువు తీసుకున్నాను అన్నాడు.

ట్రక్కు తలుపు ఎంత గట్టిగా వేశానో, అద్దం కిందికి జారిపోయింది.

అక్టోబర్ 9

రాయిస్ ఎదురొస్తే పక్క దారి పట్టాను.

అక్టోబర్ 10

మిసెస్ ఆడ్లీ దగ్గరికి వెళ్ళి, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను అన్నాను.

ఆవిడ కుర్చీ లాగి కూర్చోమంది. నువ్వు తీసుకోవచ్చు, ఇరవై ఏడో వాల్వు తీసుకోదు అంది. రాయిస్ నిన్ననే వచ్చి ఉన్నదున్నట్టు తనకు చెప్పాడని, ఆ సంగతి నాకు చెప్పమని ఆయనే కోరాడని అంది. ఏం చెప్పాడో మాత్రం చెప్పలేదు. ఒకటి అడగనా అంది. నీకు కోపం ఆయన మీదా, లేక ఆ గడి నింపక తప్పని ఆ సాయంత్రం మీదా?

రెండింటి మీదా అన్నాను. మంచిది, రెండూ అవసరమే అంది.

అక్టోబర్ 11, శుక్రవారం

రాయిస్ బ్యాడ్జ్ తీసుకున్నారు. గేటు దాకా సెక్యూరిటీ వాడు తీసుకెళ్ళాడు, వాడూ రాయిస్ దగ్గర పని నేర్చుకున్నవాడే.

సాయంత్రానికి కంపెనీ రిపోర్టు నోటీసు బోర్డెక్కింది. కారణం: ఒక వ్యక్తి చేసిన తప్పిదం. ఆ వ్యక్తిని తొలగించాం. ఇక ఏ లోపమూ లేదు. పది లైన్లు. ఆరింటి గురించి లేదు, ప్రూయిట్ గురించి లేదు. పది రోజుల్లో దీన్ని కమిషన్‌కు పంపుతారు. వాళ్ళు ఒప్పుకుంటే గ్యాస్ వస్తుంది.

కిరాణా కొట్టులో గ్లెండా నా సామాన్లు సంచిలో వేస్తూ, మా ఆయన్ని వచ్చే నెల పనిలోకి రమ్మన్నారు, ఇంక రమ్మంటారో లేదో, నీ పుణ్యమే అంది. గుడ్లు అడుగున పెట్టింది, వాటి మీద బంగాళాదుంపలు పెట్టింది. కావాలనే.

ఇంటికొస్తే పరీక్ష ఫలితం. పాసయ్యాను. అమ్మ ఏడ్చింది. నేను కవరు చేతిలో పట్టుకుని, ఇది ఎవరు నాకు సంపాదించి పెట్టారో తెలిసి, ఏం చెయ్యాలో తెలియక అలా నిలబడ్డాను.

అక్టోబర్ 12, శనివారం

ఊరి లైబ్రరీకి వెళ్ళాను.

లైసెన్స్ కోసం కంపెనీ పెట్టుకున్న దరఖాస్తు కాపీ అక్కడ ఉంటుంది. జనం చూడటానికని కమిషన్ పెట్టించింది. పదకొండు లావుపాటి ఫైళ్ళు, తాళం వేసిన బీరువాలో. చూసేవాళ్ళు రిజిస్టర్‌లో పేరు రాయాలి. మూడేళ్ళలో ఉన్న పేర్లు పందొమ్మిది. పదిహేడు నావే.

నా స్కూలు ఈ బీరువానే. చికెన్ దుకాణం నుంచి వచ్చి, ఒక చేతిలో డిక్షనరీ పెట్టుకుని, లైబ్రరీ మూసే దాకా చదివాను. సగం అర్థమయ్యేది కాదు. ఇంటర్వ్యూలో మీ నాలుగో ఫైల్లో ఇలా రాశారు అన్నాను, వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఉద్యోగం వచ్చింది. ఏ పెద్ద స్కూలూ లేని నాకు, పెద్ద కంపెనీ ఏం మాట ఇచ్చిందో కూర్చుని చదువుకునే హక్కు ఇచ్చిన ఈ దేశపు రూలు రాసినవాడెవడో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆరో ఫైలు, 212వ పేజీ. వాల్వుల సరిచూపు జరిగే ప్రతి షిఫ్టులోనూ శిక్షణ పొందిన మనుషులు కనీసం ఇద్దరు ఉంటారు. లేని పక్షంలో పని ఆపబడును.

ఆపబడును. ఎవరు ఆపాలి? కింద రాశారు. షిఫ్ట్ మేనేజర్.

ఇరవై నాలుగున మా షిఫ్టులో శిక్షణ పొందిన వాళ్ళం ముగ్గురం ఉండాలి. ఒకతను ఆగస్టులోనే చమురు బావులకు వెళ్ళిపోయాడు, అతని చోట ఎవరినీ పెట్టలేదు. నాకు సెలవిచ్చింది ప్రూయిట్. మిగిలింది రాయిస్ ఒక్కడు.

పేజీ ఫోటోకాపీ తీసుకున్నాను. లైబ్రరీ ఆవిడ డబ్బులు వద్దంది. ఈ బీరువా ఇన్నిసార్లు తెరిపించింది నువ్వొక్కదానివే, ఈ ఒక్కటీ నా తరఫున అంది.

అక్టోబర్ 13

రాయిస్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, భిన్నాల్లో ఎన్నొచ్చాయి అన్నాడు. అదీ మొదటి మాట.

పేజీ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. వదిలెయ్ పిల్లా, నాకింక ఎన్నేళ్ళు, నీ ఉద్యోగం నువ్వు కాపాడుకో అన్నాడు.

మీరు చేసింది తప్పు అన్నాను. నా పేరు అడగకుండా వాడుకున్నారు, నేను నిలబడబోయే గదికి పోయే వాల్వు మీద. నేను మర్చిపోను. కానీ అది మీ ఒక్కరి తప్పని రాస్తే, ఇంకో సాయంత్రం ఆరింటికి ఇంకో ఒంటరి మనిషి ఇదే చేస్తాడు. అప్పుడు పైపులో నైట్రోజన్ ఉండదు.

ఆయన లేచాడు. కాఫీ పోశాడు.

రాస్తే రాయి, నా తప్పు తగ్గించి మాత్రం రాయకు అన్నాడు.

నాకు ఆ మనిషి మీద కోపం పోలేదు. ఆ కప్పు కడిగిపెట్టి వచ్చాను.

అక్టోబర్ 15, మంగళవారం, ఉదయం ఏడు

ప్రూయిట్ చేతికి ఇచ్చాను. కాపీ ఇది.

మీ రిపోర్టు అబద్ధం. రాయిస్ టిడ్వెల్ నా అక్షరాలు వేశాడు. అది తప్పు, ఆయన ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం షిఫ్టులో రెండో మనిషి లేడు. ఆరో ఫైలు 212వ పేజీ ప్రకారం మీరు పని ఆపాలి. మీరు ఆపలేదు, ఆరింటికల్లా కావాలన్నారు. ఇది రిపోర్టులో రాయండి. ప్రతి షిఫ్టుకు ఇద్దరిని పెట్టండి. రాయిస్‌ను వాల్వుల దగ్గరికి కాదు, కొత్తవాళ్ళకు పని నేర్పడానికి తిరిగి తీసుకోండి. నాకు నేర్పినట్టు ఇక్కడ ఇంకెవరూ నేర్పలేరు.

జవాబు కాగితం మీద ఇవ్వండి. గడువు శుక్రవారం, అక్టోబర్ 18, మధ్యాహ్నం మూడు. రాకపోతే ఇదే కమిషన్‌కు పంపుతాను. వాళ్ళ ఆఫీసు తూర్పున ఉంది. మనకు నాలుగైతే వాళ్ళకు అయిదు, మూసేస్తారు. నాకు ఆ ఒక్క గంట చాలు.