చేప ముక్కలో మాత్ర

రోజాకు,

మీ బావ రాసేది. నేను ఫోను చేస్తే ఎత్తడం లేదు గనక కాగితం మీద రాస్తున్నాను.

మీ అక్క చనిపోయిన నెలకు, ఆమె పెంచిన కుక్క చుక్కికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, మెడకు గరాటు లాంటి ప్లాస్టిక్ అట్ట కట్టించి వెళ్ళావు. "అక్కని ఎట్టాగూ చూసుకోలేదు. ఈ కుక్కనన్నా చూసుకో బావా. పదిరోజులు అట్ట తీయబాకు," అన్నావు.

మూడో రోజే తీశాను. బైబిల్లో బీద లాజరు పుండ్లు నాకింది కుక్కలే, వాటి నాలుకలో దేవుడు మందు పెట్టాడని జువ్వలదిన్నె రేవు చర్చిలో పద్దెనిమిదేళ్ళుగా ప్రసంగాల్లో గొంతు చించుకున్నవాణ్ణి. నాకి మాన్పుకుంటుందిలే అనుకున్నాను. తెల్లారేసరికి రెండు కుట్లు ఊడి, చాప రక్తంతో తడిసింది.

పశువుల డాక్టరు మళ్ళీ కుట్టారు. "ఆ కుక్కలు నాకిన మనిషి బతికినాడా అయ్యగారూ?" అని అడిగారు.

చచ్చాడు. ఆ తర్వాతి వచనంలోనే ఉంది. ఇన్నేళ్ళలో నేను అక్కడ ఒక్కసారీ ఆగలేదు.

ఇప్పుడు ఉడికించిన కానాగంత చేప ముక్కలో మాత్ర పెట్టి రెండు పూటలా మింగిస్తున్నాను. అట్ట తీయమని తల గోడకేసి కొట్టుకుంటుంది. తీయడం లేదు. నాకు ఏడుపు రావడం లేదు, ప్రసంగమూ రావడం లేదు. ఆదివారాలు సంఘం చేత పాటలు పాడించి పంపేస్తున్నాను.

నువ్వు అనుమానపడింది నిజం. ప్రార్థన చాలని మీ అక్క మాత్రలు ఆపించింది నేనే.

శనివారం రా. నా మాట నమ్మబాకు. తోమా ప్రభువు గాయం చూసి నమ్మినట్టు, చుక్కి కుట్లు నీ కళ్ళతో చూడు. చూశాక, దాన్ని నా దగ్గర ఉంచాలో తీసుకుపోవాలో నువ్వే చెప్పు.

మీ బావ