మగ పురుగు ఒక్కటే

మ్యూజియం కీటకాల గదిలో పనిచేసి రిటైరైన నేను, చేతులు వణుకుతున్నా మతి నిలకడగానే ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. అమలు జరిపే బాధ్యత నా కోడలిది.

1. నా తదనంతరం ఇల్లు మా ఆయనకు, ఆయన తరువాత మా అబ్బాయికి సర్వహక్కులతో చెందవలెను. నల్ల గొడుగు కూడా ఆయనదే. కుళ్ళిన సముద్రపు నాచు కంపుతో నేను బస్సెక్కితే పక్క సీటులో కూర్చున్న మనిషి ఆయనొక్కరే.

2. నా మైక్రోస్కోపు కోడలికి. ఎందుకో చెప్పాలంటే ఇప్పటికీ తల వంగిపోతోంది.

ఆ నాచు కింద నాకు దొరికింది ఒక రోవ్ బీటిల్. బియ్యపు గింజంత పురుగు. రెక్కల మీది తొడుగు పొట్టి చొక్కాలా నడుము పైనే ఆగిపోతుంది. మన తీరంలో ఎవరూ నమోదు చేయని జాతేమోనని అనుమానం. ఆడవాటిని చూసి తేల్చలేం, దగ్గరి జాతులన్నిటిలో అవి ఒక్కలాగే ఉంటాయి. మగదాని జననాంగం కోసి చూడాలి. ఎట్టకేలకు ఒక మగది చిక్కింది. కోసి చూస్తే దాని కొస కొక్కెంలా వంగి ఉంది. దగ్గరి జాతుల్లో దేనికీ అలా ఉండదు, కొత్త జాతేనని తేలిపోయింది.

ఆ సంగతి మ్యూజియం సభలో చెప్పేనాడు మా మామగారు ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మా బావగారిని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళ ముందు ఆ అవయవం పేరు నా నోట రాలేదు. "నమూనాలు ఇంకా చాలవండి" అని కూలబడ్డాను. ఇంటికొచ్చాక మామగారు, "పోనీలేమ్మా, మళ్ళీ దొరుకుతాయిలే" అన్నారు. దొరకలేదు. ఆ ఒడ్డున రాతిగోడ కట్టేశారు. సిగ్గు నాది, అనామకంగా పెట్టెలో పడి ఉన్నది అది.

కిందటేడు ఈ సంగతి కోడలితో అన్నాను. నవ్వుతుందనుకున్నాను. "ఇంతేనా అత్తయ్యా? మీరు చెప్పండి, నేను రాస్తా" అంది. గోడవైపు తిరిగి చెప్పాను. రాసి పంపింది, అచ్చయింది.

3. పెళ్ళిళ్ళలో నలుగురి మధ్య నన్ను "పేడపురుగుల డాక్టరమ్మా" అని పిలిచిన బావగారికి ఏమీ లేదు. అది పేడ కాదు, నాచు.

4. ఆ మగ పురుగు మ్యూజియానికి. అచ్చయిన వివరణను, ఈ వీలునామా విప్పిన రోజునే, మా మనవరాలు అందరి ముందూ పైకి చదవవలెను. ఒక్క మాటా మింగరాదు. పిల్లల చెవులు ఎవరూ మూయరాదు.

తేదీ: నవంబరు పదకొండు
(సంతకం) కీటకాల గది మేడం
సాక్షులు: పక్కింటి నర్సు, కళ్ళద్దాల షాపాయన